పలాసలో ఉన్నట్టు లెక్క

"పలాస ఆస్పత్రిలో ఆక్సిజన్ మీదున్న మనిషివి, గుఢియారీ బజార్లో లాల్ భాజీ బేరమేటయ్యా నీకు?"

దాలమ్మ అరిచింది గానీ గొంతు గుమ్మం దాటకుండా అరిచింది. ఆమె మొగుడు సూర్యారావు లోపలికొచ్చి, తలుపేసి, గొళ్లెం పెట్టి, దానికే వీపానించి నిలబడ్డాడు. మఫ్లరు ముక్కు దాకా చుట్టుకున్నాడు. చేతిలో ఎర్ర తోటకూర కట్టలు రెండు. నవంబరు చలిలో కూడా నుదురంతా చెమట.

"ఎవులైనా సూసినారా?"

"సూసినాడు."

"ఎవులు?"

"అమ్మిరాజు."

దాలమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది. చూస్తే ఇంకెవరు చూసినా ఫరవాలేదు. అమ్మిరాజు క్రూ లాబీలో పనిచేస్తాడు. ఏ గూడ్సు బండికి ఏ డ్రైవరు వెళ్ళాలో రాసి, ఫోన్ చేసి పిలిచేది అతనే. సూర్యారావు కొడుకు, డ్రైవరు గిరిధర్ డ్యూటీకి ఎందుకు రావడం లేదని పందొమ్మిది రోజులుగా అడుగుతున్నదీ అతనే. "మా మావయ్యకి సీరియస్‌గా ఉందండీ, పలాసలో ఆస్పత్రిలో పెట్టారు, కొడుకు దగ్గరుండాలి కదా" అని కోడలు మాలతి చేత పందొమ్మిది రోజులుగా చెప్పిస్తున్నది స్వయానా ఆ మావయ్యే.

ఆ అబద్ధం తట్టిన రోజు సూర్యారావు తన తెలివికి తనే మురిసిపోయాడు. తండ్రికి జబ్బంటే ఎవరు కాదంటారు? ఒక్క చిక్కు మాత్రం అప్పుడు తోచలేదు. కొడుకు పలాసలో ఉన్నట్టయితే తండ్రి కూడా పలాసలో ఉన్నట్టే లెక్క. రిటైరై ఐదేళ్లయినా రోజూ పొద్దున్నే ఈ హిందీ ఊళ్ళో తామున్న గుఢియారీ పేటంతా ఒక చుట్టు చుట్టి రాందే టీ తాగని మనిషి, పందొమ్మిది రోజులు సొంత ఇంట్లో కిటికీ రెక్క కూడా తియ్యకుండా కూర్చున్నాడు. ఇరవయ్యో రోజు, ఇవాళ, ఉండబట్టలేకపోయాడు.

"మొకం కనబడకుండా సుట్టుకునే ఎల్లినాను గదే!"

"మొకం దాసినావు సరే. ఆ నడక ఎవులు దాస్తారు? ఊరంతటికీ తెలీదేటి నీ నడక?"

తలుపు తట్టిన చప్పుడైంది.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. లోపలి గదిలోంచి మాలతి వచ్చి గుమ్మంలో ఆగింది.

"బాబాయ్, తలుపు తియ్యండి. మీరు లోపలున్నారని నాకు తెలుసు. భాజీ వాడి దగ్గర చిల్లర కూడా తీసుకోకుండా పరిగెత్తారు." అమ్మిరాజు గొంతే.

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా సూర్యారావు ఆఖరి ప్రయత్నం మానలేదు. గబగబా వెళ్ళి మంచం మీద కూర్చుని, మఫ్లరు సర్దుకుని, రెండు దగ్గులు దగ్గాడు. మాలతి తలుపు తీసింది.

అమ్మిరాజు యాభై ఏళ్ల మనిషి, పొట్టివాడు, ఎప్పుడూ చెవి మీద పెన్ను పెట్టుకుని తిరుగుతాడు. లోపలికొచ్చి, మంచం వైపు చూసి, నవ్వాలో కోప్పడాలో తెలీక నిలబడిపోయాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"ఏదో... రాత్రే డిశ్చార్జి సేసినారు. తిన్నగా వచ్చేసినాం."

"ఏ బండికొచ్చారు?"

మామూలు మనిషి దగ్గర ఏదో ఒక రైలు పేరు చెప్పి గట్టెక్కొచ్చు. ఒక రైల్వే వాడు ఇంకో రైల్వే వాడి దగ్గర బండి టైము అబద్ధమాడ్డం మాత్రం జరిగే పని కాదు. సూర్యారావు దగ్గడం మానేశాడు.

"అన్నయ్యా," అంది మాలతి. "ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆయన లోపలి గదిలో ఉన్నారు."

"మాలతీ!"

"బస్, చాలు మావయ్యా. ఇంక నావల్ల కాదు."

అమ్మిరాజు చెప్పులు విప్పి లోపలి గది గుమ్మం దాకా వెళ్ళాడు. దాలమ్మ వెనకాలే వెళ్ళింది. గిరిధర్ గోడవైపు తిరిగి పడుకునున్నాడు. పొద్దున తొమ్మిదయినా కర్టెన్ తియ్యనివ్వలేదు. పళ్ళెంలో ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే ఎండిపోయాయి. గడ్డం మెడ దాకా పెరిగింది.

"గిరీ, నేనురా."

చాలాసేపటికి "ఊఁ" అన్నాడు. ఇటు తిరగలేదు.

లాబీలో అడుగుపెడితే చాలు పది మందిని పోగేసి కబుర్లు చెప్పే గిరిధర్ ఇతనేనా అన్నట్టు అమ్మిరాజు దాలమ్మ వైపు చూశాడు. దాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. రోజూ చూస్తున్నదే అయినా, ఇంకొకరు చూస్తుంటే ఆ వీపు ఇంకా చిక్కిపోయినట్టు కనబడింది ఆమెకి.

ముందు గదిలోకొచ్చి అమ్మిరాజు కుర్చీ లాక్కున్నాడు.

"డెంగీ తగ్గిపోయింది కదా? ఫిట్ ఇచ్చాకే కదా వచ్చి వారం రోజులు బండి తోలాడు?"

"అదే గదా నానూ మొత్తుకుంటన్నాను!" సూర్యారావు ఒక్క ఊపున లేచాడు. అబద్ధం పోయాక ఆయనకి గొంతు తిరిగొచ్చింది. టీవీ బల్ల మీద అద్దం కింద నొక్కిపెట్టిన కాగితం మీద వేలితో కొట్టాడు. "ఇదిగో, ఫిట్ మెమో. డాక్టరు సంతకం, స్టాంపు. ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటినాయి. జ్వరం నేదు, మచ్చ నేదు. డాక్టరు ఫిట్ రాసేసినాక ఇంక జబ్బేటి? పనిదొంగ అయిపోనాడు, అంతే!"

రైలు పట్టాల పక్క పెరిగిన ఇళ్ళల్లో ఆ కాగితానికి అంత విలువ. ఫిట్ అంటే మనిషి లేచినట్టు, అన్‌ఫిట్ అంటే పడిపోయినట్టు. మధ్యలో ఇంకో మాట ఆ ఇళ్ళల్లో ఎవరూ నేర్చుకోలేదు. దాలమ్మ కూడా నెల కిందట ఆ కాగితం చూసి దండం పెట్టుకున్నదే. బొప్పాయి ఆకు రసం పూటకో గ్లాసు పోసి, మేకపాలు వెతికి తెచ్చి, కొడుకుని తనే నిలబెట్టానని వీధంతా చెప్పుకుంది.

"బాబాయ్, నేను మీతో పోట్లాడ్డానికి రాలేదు," అన్నాడు అమ్మిరాజు. "ఇరవై రోజులు దాటితే చెప్పకుండా మానేసినట్టు నోటీసు తయారవుతుంది. ఇవాళ సాయంత్రానికి సిక్‌లో చేరాడని ఆస్పత్రి కాగితం లాబీకొస్తే సరే. లేకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు. మిమ్మల్ని బజార్లో చూసిన సంగతి మాత్రం నేనెవరికీ చెప్పను. చెప్పినా నమ్మరు."

అతను వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర దాలమ్మతో మెల్లిగా "తొందరగా తీసికెళ్ళండి పిన్నీ" అన్నాడు. అతనన్నది నోటీసు సంగతి కాదని దాలమ్మకి తెలుసు.

"ఇవాళ గురువారం," అంది మాలతి. "రైల్వే ఆస్పత్రికి మనసు డాక్టరు వస్తారు. నేను పోయిన వారమే కనుక్కున్నాను."

"పిచ్చి డాక్టరా?"

"మావయ్యా..."

"పేరేదైనా ఒకటే. ఆ డాక్టరు దగ్గర ఒక్కసారి పేరు రాయించుకుంటే ఏటవుతాదో తెలుసా నీకు? రికార్డులో ఎక్కుతాది. రేపు మెడికల్ పరీక్షలో ఎత్తి చూపుతారు. ఇంజను మీంచి దించేసి ఏ ఆఫీసు గదిలోనో ఫైళ్ళు మోయిస్తారు. ముప్పై నాలుగేళ్లు నాను ఒక్కనాడు సిక్ పెట్టకుండా తోలినాను. డ్రైవరు సూర్యారావు కొడుకు డ్రైవరు అని ఊరు సెప్పుకుంటాది. దాన్ని నువ్వు..."

"ఊరు సంగతి నాకెందుకు మావయ్యా? నాకు మనిషి కావాలి."

"మనిషి ఉన్నాడు గదా లోపల!"

ఫణిశ్రీ బడికి వెళ్ళిపోయిందా లేదా అన్నట్టు మాలతి వీధి వైపు ఒకసారి చూసింది. ఏడేళ్ల కూతురు ఎప్పుడో వెళ్ళిపోయింది. తర్వాత ఆమె మాట్లాడింది, నేల చూస్తూ.

"నిన్న పొద్దున్న పిల్లకి జడ వేస్తుంటే పిలిచారు. ఇరవై రోజుల్లో ఆయనంతట ఆయన పిలవడం అదే మొదటిసారి. సంతోషంగా పరిగెత్తాను. 'నేను లేకపోతే ఫణిశ్రీని నువ్వు పెంచుకోగలవు కదా' అనడిగారు. అంతే. మళ్ళీ గోడవైపు తిరిగిపోయారు."

బయట ఏదో గూడ్సు బండి పోతోంది. ఈ ఇంట్లో ఆ చప్పుడుకి ఎవరూ మాట ఆపరు. ఇవాళ ఆఖరి వ్యాగను పోయేదాకా అందరూ ఆగారు.

దాలమ్మ గోడ పట్టుకుని నేల మీద కూర్చుంది. ఎంత భయం వేసిందంటే, అంత భయం డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు కూడా వెయ్యలేదు. అప్పుడు బయటి జబ్బుతో పోట్లాట. ఇప్పుడు కొడుకే తలుపు తీసుకుని వెళ్ళిపోతానంటున్నాడు.

సూర్యారావు మొహం పాలిపోయింది. అయినా నోరు పాత దారి వదల్లేదు.

"నీరసంలో ఏదో అనుంటాడు. ఇలాటివి మన ఇళ్ళల్లో ఎవులికీ నేవు. మా అయ్యకి నేదు, నాకు నేదు. వాడికెక్కడినుంచి వస్తాది?"

"నీకు నేదా?" అంది దాలమ్మ.

ఆ మాట ఆమె అనాలనుకుని అన్నది కాదు. ముప్పై ఎనిమిదేళ్లు కడుపులో దాచుకున్న మాట, అది బయటికొచ్చేసింది. ఇక వెనక్కి తీసుకోవడం లేదు.

"ఏటీ?"

"ఎనభై నాలుగులో నీకు పచ్చకామెర్లొచ్చినాయి. గుర్తుందా?"

"ఉంది. తగ్గిపోనాయి."

"కళ్ళ పచ్చదనం దసరాకి తగ్గింది. నువ్వు తగ్గనేదు. శివరాత్రి దాకా క్వార్టరు వెనక గదిలో గోడకి మొకం పెట్టుకు కూకున్నావు. తానం సెయ్యమంటే సేసేవోడివి కాదు. తినమంటే తినీవోడివి కాదు. లీవులయిపోనాయి, జీతం ఆగిపోనాది."

"అది నీరసం. కామెర్ల నీరసం."

"నీరసమొచ్చినోడు ఏడుస్తాడేటి, గిరి అయ్యా? అర్ధరాత్రి లెగిసి నా ఒడిలో తల పెట్టి, నానింక పనికిరాను దాలా అని ఏడుస్తాడేటి?"

మాలతి అక్కడినుంచి వెళ్ళిపోదామా అన్నట్టు ఒక అడుగు వెనక్కేసింది. దాలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఈ సంగతి ఇంక గదుల్లో దాచే సంగతి కాదు.

"అప్పుడు ఇంజన్ల షెడ్డు నుంచి మనిషొచ్చి నీ గురించడిగితే నానేటి సెప్పినానో తెలుసా? మా మావయ్యకి బాగునేదు, మా ఆయన పలాస ఎల్లినాడు అని సెప్పినాను. ఈ అబద్ధం నీది కాదయ్యా. నాది. నానే కట్టినాను. నువ్వు తలుపెనకాల పడుకుని విన్నావు గామోసు, ఇన్నాళ్ళకి మళ్ళీ తీసి వాడినావు."

సూర్యారావు భార్య వైపు చూశాడు. తర్వాత తోటకూర కట్టల వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఎక్కడో పెట్టి మర్చిపోయిన వస్తువు కోసం ఇల్లంతా వెతికే మనిషి చూపు అది.

"నిజంగా ఏడిసినానా?"

"ఏడిసినావు."

"నువ్వెప్పుడూ సెప్పనేదు."

"నువ్వు లెగిసి ఇంజనెక్కినావు. మళ్ళీ నవ్వినావు. ఎందుకు సెప్పడం అనుకున్నాను. సెప్పకపోడం తప్పయిపోనాది. నువ్వు నీకేటీ అవ్వనేదనుకున్నావు. ఇప్పుడు నీ కొడుకుని పనిదొంగంటన్నావు."

ఆ చివరి మాటకి ఆయన తల దించుకున్నాడు. మొగుణ్ణి కోడలి ముందు అంత మాట అన్నందుకు దాలమ్మకి ఏడుపొచ్చింది. అనకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లేచి కొడుక్కి ఉతికిన చొక్కా తీసింది.

సూర్యారావు మఫ్లరు విప్పి మంచం మీద పడేశాడు. గొళ్లెం తీసి, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, పట్టపగలు వీధిలోకి నడిచాడు.

"ఎక్కడికి మావయ్యా?"

"ఆటో తెస్తాను."

ఎదురింటి నాంచారమ్మ ముగ్గు గిన్నె పట్టుకుని నోరు తెరిచి చూసింది. "ఓలమ్మా, అన్నయ్యా! పలాస నుంచి ఎప్పుడొచ్చినావు? ఎలాగుంది ఒళ్ళు?"

"నానెక్కడికీ ఎల్లనేదు," అన్నాడు సూర్యారావు. "బాగునేంది నాక్కాదు, గిరికి. ఆస్పత్రికి తీసికెల్తన్నాం."

అంత మాట వీధిలో చెప్పాక ఆయన నడక మళ్ళీ పాత నడకైంది. గుమ్మంలోంచి చూస్తున్న దాలమ్మకి గుండెల మీంచి బరువేదో సగం దిగినట్టనిపించింది.

ఆస్పత్రిలో గిరిధర్ అడిగినవాటికి తలూపడం తప్ప మాట్లాడలేదు. ఆటో ఎక్కమంటే ఎక్కాడు, దిగమంటే దిగాడు. ఎదురు తిరిగినా బావుండునని దాలమ్మకనిపించింది.

డాక్టరు చంద్రాకర్ మేడమ్‌కి నలభై ఉంటాయి. బల్ల మీద స్టీలు డబ్బాలో ఆమె మధ్యాహ్నం భోజనం తెరవకుండా అలాగే ఉంది. హిందీలో, తొందర లేకుండా అడిగింది. నిద్ర ఎలా ఉంది? తిండి? జ్వరం ఎప్పుడు తగ్గింది? డ్యూటీకెళ్ళిన ఆ వారం రోజులు ఎలా గడిచాయి? మాలతి చాలావాటికి జవాబు చెప్పింది. నిన్నటి మాట కూడా చెప్పింది. అది విన్నాక మేడమ్ మంచినీళ్ళ సీసా ఆమె ముందుకు జరిపింది.

"సాబ్, ఫిట్ రాసేసినారు గదా," అన్నాడు సూర్యారావు హిందీలోనే, మేడమ్‌ని కూడా సాబ్ అనే అలవాటుతో. "మరి ఇదేటి?"

"ఆ ఫిట్ తప్పు కాదు, దాదా. అది జ్వరానికి రాసింది. రక్తం బాగైంది, నిజమే. కానీ వైరస్‌తో ఒళ్ళు పోట్లాడినప్పుడు ఆ పోట్లాట సెగ మెదడుకి కూడా తగులుతుంది. కొందరికి జ్వరంతోపాటే చల్లారుతుంది, కొందరికి చల్లారదు. డెంగీ అయ్యాక చూస్తున్నాం, కరోనా అయ్యాక చాలా చూశాం, కామెర్ల తర్వాత కూడా ఉంటుంది. సంతోషం పోతుంది, లేవాలనిపించదు, తను ఎవరికీ పనికిరాననిపిస్తుంది. ఇది బద్ధకం కాదు. దీని పేరు డిప్రెషన్. దీనికి మందుంది."

"తగ్గుతాదా?"

"చాలామందికి తగ్గుతుంది. మందు పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. అన్నాళ్ళూ ఒక్కణ్ణీ వదలొద్దు, వారం వారం నాకు చూపించాలి. వేరే కారణాలేమైనా కలిశాయేమో రక్తపరీక్షలు కూడా చేయిద్దాం."

"మరి ఇంజను?"

"ఇవాళ సిక్‌లో పెడుతున్నాను. బాగయ్యాక మెడికల్ పరీక్ష ఉంటుంది. అదేం చెబుతుందో ఇప్పుడు నేను చెబితే అబద్ధమవుతుంది. ముందు మనిషిని లేపుదాం."

మందుంది అన్న మాట దగ్గరే దాలమ్మ ఆగిపోయింది. తర్వాతవి సరిగ్గా వినపడలేదు. ఇన్నాళ్ళూ పేరు లేని దానితో కాపరం చేసింది. ఎనభై నాలుగులో అయితే గాలి సోకిందని ఒకరు, దిష్టి అని ఒకరు. ఇప్పుడు దానికో పేరుంది, ఆ పేరు రాసేటప్పుడు ఒక డాక్టరు చెయ్యి వణకలేదు. ఆమెకి బల్ల మీదకి వంగి ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది.

మేడమ్ కాగితం తిప్పింది. "ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇలా అయిందా? అమ్మానాన్నలకి, అన్నదమ్ములకి?"

పొద్దున్న దాలమ్మ అనవలసింది అనేసింది. ఇక్కడ అనడం ఆమె పని కాదు. మాలతి మావగారి వైపు చూడకుండా సీసా మూత తిప్పుతూ కూర్చుంది. మేడమ్ పెన్ను పట్టుకుని ఆగింది.

"నాకు," అన్నాడు సూర్యారావు.

గొంతు సరిచేసుకుని మళ్ళీ చెప్పాడు, ఈసారి హిందీలో, డ్యూటీ రిపోర్టు చెప్పినట్టు నిటారుగా కూర్చుని. "నాకు, సాబ్. ఎనభై నాలుగులో. కామెర్లు తగ్గాక. దసరా నుంచి శివరాత్రి దాకా."

గిరిధర్ తలెత్తాడు.

ఆ మాట అతని చెవుల్లోంచి లోపలికి దిగడానికి కాసేపు పట్టింది. తండ్రి మొహంలోకి చూశాడు. పందొమ్మిది, ఇరవై రోజులుగా ఆ కళ్ళు ఎవరి మీదా నిలవలేదు. ఇప్పుడు నిలిచాయి.

"మీకా నాన్నా?"

"నాకేరా."

"ఒక్క రోజు కూడా సిక్ పెట్టలేదంటారు కదా?"

"మీ అమ్మ పెట్టనివ్వనేదు. పలాస పంపించీసింది నన్ను."

గిరిధర్‌కి అర్థం కాలేదు. కానీ దాలమ్మ ఏడుపులోంచి ఫక్కున నవ్వింది, మాలతి కూడా. ఇల్లు విడిచిపెట్టిపోయిన నవ్వు ఆస్పత్రి గదిలో దొరికినందుకు ఇద్దరికీ సిగ్గేసింది.

"మళ్ళీ ఇంజనెక్కారా?" అనడిగాడు గిరిధర్.

"ఎక్కినాను. రెండు ట్రిప్పులు సేతులు వణికినాయి. మూడోది వణకనేదు." సూర్యారావు కొడుకు మోకాలి మీద చెయ్యేశాడు. "పనిదొంగన్నాను నిన్ను. తప్పురా. నాకు తెలీక కాదు, గుర్తుంచుకోక."

గిరిధర్ ఆ చేతి వైపు చాలాసేపు చూశాడు. మేడమ్ గడియారం చూడలేదు.

"మేడమ్," అన్నాడు చివరికి. "నాకు లోపల ఏమవుతోందో ఎవరికీ చెప్పలేదు. చెప్పొచ్చా?"

"అందుకే కదా కూర్చున్నాను."

అతను మాలతి వైపు చూసి, తల్లి వైపు చూసి, "మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండమ్మా. మీ ముందు చెప్పలేను" అన్నాడు. సూర్యారావు కూడా లేవబోయాడు. గిరిధర్ ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"నాన్న ఉంటారు."

తలుపు మూసుకుంది. దాలమ్మ, మాలతి వరండా బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ముందు ఏమీ వినబడలేదు. తర్వాత గిరిధర్ గొంతు మొదలైంది, బొంగురుగా, ఆగి ఆగి. ఒక్క మాటా తెలియడం లేదు. మాలతి లేచి తలుపు దగ్గరికి వెళ్ళబోతే దాలమ్మ కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏం చెబుతున్నారో అత్తా?"

"తెలీదే. మాటాడతన్నాడు గదా, మాటాడనీ."

లోపల ఆ గొంతు ఆగలేదు. ఒకసారి మాత్రం, మధ్యలో, సూర్యారావు ఏడవడం వినబడింది.